దేవుని దయ కనబడాలంటే బైబిలు ఎలా చదవాలి: ఒక టైలరు చెప్పే మాట

నేను కాశీబుగ్గలో జాకెట్లు కుడతాను. పాస్టరమ్మనీ కాదు, బైబిలు కాలేజీ మొహం చూసిందాన్నీ కాదు. మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం కాబట్టి ఈ మాట ఇక్కడ ఎవరికీ వింతగా అనిపించదు. సోమవారం, గురువారం పలాసలో డయాలసిస్. ఒకసారి మిషను పెడితే నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ పక్కన స్టూలు మీద కూర్చుని నేను చదువుతాను, మా ఆయన వింటాడు. మధ్యలో నిద్రపోతాడు కూడా. బైబిలు చదవడం నేను నిజంగా నేర్చుకున్నది ఆ స్టూలు మీదే.

అంతకుముందు ఎలా చదివేదాన్నో చెప్తాను. మీరూ అలాగే చదువుతుంటే మానేయండి. డాక్టరు రిపోర్టు చూసి, కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ సంగతి చెప్పిన రోజు రాత్రి, కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టాను. వేలు ఎక్కడ పడితే అదే దేవుడు నాకిచ్చే మాట అనుకున్నాను. అది వెళ్లి మొదటి దినవృత్తాంతముల గ్రంథంలో పడింది. ఫలానావాడు ఫలానావాడిని కనెను, వాడు ఇంకొకడిని కనెను, పేజీ నిండా పేర్లే. ఆ పుస్తకంలో మొదటి తొమ్మిది అధ్యాయాలూ దాదాపు అదే వరస. నాతో మాట్లాడ్డం ఇష్టం లేక దేవుడు ఓటర్ల లిస్టు చదివించాడని ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. తప్పు ఆ పేర్లది కాదు, నా వేలిది. ఇంటికి ఉత్తరం వస్తే మధ్యలో ఒక ముక్క చదివి మడిచేస్తామా?

డిసెంబరు 31 రాత్రి ప్రార్థనలో తీసుకునే, ఒక వచనం రాసిన వాగ్దానం కార్డూ అంతే. నేనూ తీసుకుంటాను, కుట్టుమిషను ఎదురుగా గోడకి అంటిస్తాను. కానీ ఆ వచనానికి ముందేముందో వెనకేముందో చూడకపోతే, దాన్ని ఎవరు ఎవరితో ఏ కష్టంలో అన్నారో తెలియదు. కార్డు మీద పువ్వుల బొమ్మ మాత్రం బాగుంటుంది.

మొదలు రూతు గ్రంథంతో పెట్టండి. నాలుగే అధ్యాయాలు. జనవరి ఒకటిన ఆదికాండం పట్టుకుని ఫిబ్రవరికల్లా లేవీయకాండంలో ఆగిపోయినవాళ్లు మా సంఘంలోనే బోలెడుమంది. వాళ్లలో నేనూ ఉన్నాను. రోజుకి ఒక అధ్యాయం కంటే ఎక్కువ వద్దు. పైకి చదవండి, వినే మనిషి లేకపోయినా పైకే చదవండి. కంటితో చదివితే తెలిసిన కథ కదా అని జారిపోతాం. నోటితో చదివితే ప్రతి మాటా తగులుతుంది.

రూతు రెండో అధ్యాయం దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే అది నాకు తెలిసిన పని. మా అమ్మది నరసన్నపేట వైపు. కోతలయ్యాక అమ్మ వెనకాల పరిగె, అంటే పొలంలో రాలిపోయిన కంకులు, ఏరడానికి వెళ్లేదాన్ని. కోసిన వరి దుబ్బులు కాళ్లకి గుచ్చుకునేవి. ఒక ఆసామి గట్టు మీద నిలబడి "ఏటే, పనల్లోంచి లాగేత్తన్నారేటి?" అని కేకలేసేవాడు. ఇంకో ఆసామి ఉండేవాడు. మేం పొలంలో దిగుతుంటే చుట్ట ముట్టించుకోవడానికన్నట్టు అటు తిరిగిపోయేవాడు. "ఆ బాబు అటు తిరిగినాడంటే మనకి కుంచెడు గింజలే గుంటా" అనేది అమ్మ.

బైబిల్లో రూతు చేసింది అదే పని. మొగుడు పోయాడు, దేశం కాని దేశం, ఇంట్లో ముసలి అత్త. పొలం యజమాని బోయజు తన పనివాళ్లకి చెప్పిన మాట చూడండి: ఆమె కోసం పిడికెళ్లు పడవేసి విడిచిపెట్టండి, "ఆమెను గద్దింపవద్దు". గింజలు ఇచ్చేయొచ్చు కదా, ఒక మూట కట్టి చేతిలో పెట్టొచ్చు. అలా చేయలేదు. ఆ పిల్ల తన కష్టంతో ఏరుకున్నట్టే ఉండాలి, చేతులు మాత్రం ఖాళీగా వెళ్లకూడదు. సాయంత్రానికి దుళ్లకొడితే తూమెడు యవలు వచ్చాయని రాసి ఉంది. మధ్యాహ్నం బోయజు ఇచ్చిన పేలాలు తిని, మిగిలినవి దాచి అత్తకి తెచ్చింది. పరిగె ఏరినవాళ్లకే తెలుస్తుంది, తూమెడు అంటే ఎంతో. మామూలుగా ఏరితే రావు. ఎవరో కావాలని వదిలితేనే వస్తాయి.

ఇక్కడి నుంచి వెనక్కి లేవీయకాండం 19వ అధ్యాయం, 9వ వచనానికి వెళ్లండి. నేను ఆగిపోయిన పుస్తకమే. పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, అవి బీదలకీ పరదేశులకీ వదలాలి అని అక్కడ దేవుడే చెప్తాడు. బోయజు మంచితనం వెనక ఆ మాట ఉంది. కుట్టుపని చేసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. జాకెట్టు కుట్టేటప్పుడు చంకల దగ్గర లోపల కొంత గుడ్డ వదులుతాం. పైకి కనబడదు. రేపు మనిషి లావైతే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి. పిసినారి టైలరు ఆ గుడ్డ కోసేస్తాడు. అందుకే నేను కొత్త జాకెట్టు చూస్తే ముందు లోపలివైపు తిప్పుతాను, కుట్టిన మనిషి బుద్ధి అక్కడ తెలుస్తుంది. బైబిల్ని కూడా అలా తిప్పి చూడ్డం అలవాటు చేసుకున్నాను.

అదెలాగంటే, చదువుతూ ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ముక్క లేకపోయినా కథ నడుస్తుంది కదా, మరి ఎందుకు రాసినట్టు? అలాంటి ముక్క కనబడగానే పెన్సిలుతో గీత పెట్టండి. నేను సుద్దముక్కతో పెడతాను, తప్పయితే దులిపేసుకోవచ్చు.

మార్కు సువార్త అయిదో అధ్యాయం తీయండి. యాయీరు కూతురు, పన్నెండేళ్ల పిల్ల, చనిపోయింది. యేసు చెయ్యి పట్టుకుని లేపాడు. అందరూ విస్మయపడ్డారు. ప్రసంగాలు చాలావరకు అక్కడే అయిపోతాయి, చప్పట్లు కూడా అక్కడే. కానీ అధ్యాయంలో చివరి మాట ఏంటి? "ఆమెకు ఆహారము పెట్టుడని" చెప్పాడు. చచ్చి బతికిన పిల్లని చూసి అమ్మానాన్నలు మతి పోయి నిలబడితే, ఆ పిల్లకి ఆకలేస్తుందని గుర్తున్నది ఒక్క ఆయనకే. ఈ ముక్క లేకపోయినా అద్భుతం అద్భుతమే. డయాలసిస్ అయ్యాక మా ఆయన నీరసంగా మంచం దిగేటప్పుడు బీపీ ఎంత, బరువు ఎంత అని అందరూ అడుగుతారు. "ఏటైనా తిన్నావా?" అని అడిగిన నర్సమ్మ ఒకామె ఉంది. ఆమెని చూసినప్పుడల్లా నాకు ఆ వచనమే గుర్తొస్తుంది.

తర్వాత మొదటి రాజులు 19. ఏలీయా ప్రవక్త భయంతో పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవుడు తిట్టలేదు, విశ్వాసం లేదా అని అడగలేదు. దూత వచ్చి తట్టి లేపి భోజనం చేయమన్నాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. మాటలన్నీ ఆ తర్వాతే. టెన్షన్‌తో నిద్ర పట్టని రాత్రులు ఉన్నవాళ్లు ఈ అధ్యాయం నెమ్మదిగా చదవండి.

అదే అధ్యాయంలో కొంచెం కిందికి వెళ్తే పెద్ద గాలి వస్తుంది, కొండలు బద్దలవుతాయి. ఆ గాలిలో యెహోవా లేడని రాసి ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వైపు ఒడ్డు దాటింది. మా అత్తగారి కొబ్బరితోట తెల్లారేసరికి పడుకుని ఉంది. ఆ వారంలోనే ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, ఊరి పాపం వల్లే దేవుడు ఇలా చేశాడని చెప్పి, టీ తాగి వెళ్లాడు. అప్పుడు నాకు జవాబు తెలియలేదు. ఇప్పుడైతే ఈ వచనం తీసి ముందు పెడతాను. గాలి, భూకంపం, నిప్పు అన్నీ పోయాక "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినబడిందట. నిమ్మళం అనేది మన మాట. మా అమ్మ రోజుకి పదిసార్లు అనేది.

ఇంకొకటి, నిర్గమకాండం 22, వచనాలు 26, 27. పొరుగువాడి బట్ట కుదువ పెట్టుకుంటే పొద్దుగూకేలోగా తిరిగి ఇచ్చేయాలి. "వాడు కప్పుకొనునది అదే", ఇంకేం కప్పుకుని పడుకుంటాడు అని అడుగుతాడు దేవుడు. ఆ వెంటనే "నేను దయగలవాడను" అంటాడు. నా పుస్తెలతాడు రెండేళ్లుగా తాకట్టులో ఉంది, కాబట్టి కుదువ అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పు పత్రంలో రాత్రి చలి గురించి ఆలోచించే దేవుణ్ణి నేను అనుకోలేదు. ధర్మశాస్త్రం అంటే వద్దులు, కూడదులు అనుకుని దాటేసేవాళ్లు ఒకసారి ఇలాంటి చోట్ల ఆగాలి.

యోనా గ్రంథం కూడా నాలుగే అధ్యాయాలు. యోనాని మింగిన చేప దగ్గర ఆగిపోకండి, చివరి వచనం దాకా వెళ్లండి. అక్కడొక సొరచెట్టు ఉంటుంది, అంటే మన ఆనప పాదే. మిగతాది చెప్పను.

భాష గురించి ఒక మాట. పాత అనువాదం చదవడం కష్టమని చాలామంది వదిలేస్తారు. తెలుగు సువార్తల్లో తొలి అచ్చు కథ మన పక్కన విశాఖపట్నంలోనే మొదలైంది. 1805లో అక్కడికి వచ్చిన డెగ్రాంజిస్ అనే మిషనరీ, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో తర్జుమా చేశాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్లోని సేరంపూర్‌లో అచ్చయ్యేనాటికి డెగ్రాంజిస్ బతికి లేడు. తర్వాత ఎందరు దిద్దినా ఆ గ్రంథాల తెలుగు వాసన పోలేదు. సులువైన అనువాదం పక్కన పెట్టుకోండి, తప్పు లేదు. కానీ పాతదాన్ని పూర్తిగా వదలొద్దు, మాటల్లో సరుకు ఉంది. వాత్సల్యత అంటే ప్రేమ అని దాటేస్తాం. వత్సం అంటే దూడ. ఈనిన ఆవు దూడని నాకడం చూసినవాళ్లకి విలాపవాక్యములు మూడో అధ్యాయంలో "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అనే మాట ఇంకోలా వినిపిస్తుంది. కీర్తన 103లో దీర్ఘశాంతుడు అని ఉంటుంది. హెబ్రీలో ఆ మాటకి అసలు అర్థం పొడుగు ముక్కువాడు అని ఒక పాస్టరుగారు చెప్పారు. మనం కోపిష్టిని ముక్కు మీదే కోపం అంటాం కదా, ఆ కోపం ముక్కు చివరికి చేరడానికి చాలాసేపు పడుతుందన్నమాట. గురువారం ఇది చెప్తే మా ఆయన సూదులున్న చెయ్యి కదలకుండా పట్టుకుని మరీ నవ్వాడు.

అన్నిచోట్లా దయ కనబడదు, ఆ సంగతి ముందే చెప్తున్నాను. యుద్ధాలు, శాపాలు, ఊళ్లు తగలబడ్డం ఉంటాయి. బలవంతంగా అర్థం లాగకండి. నేను పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ముందుకి పోతాను. కొన్ని గుర్తులు ఆరేళ్లుగా అలాగే ఉన్నాయి. ఏడుపు తప్ప ఇంకేం రాని రోజున కీర్తన 88 చదవండి. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది, చివర్లో ఓదార్పు కూడా ఉండదు. అలాంటి ప్రార్థనని కూడా తన పుస్తకంలోంచి తీసేయకుండా ఉండనిచ్చాడు చూడండి.

రాసుకోవడం మాత్రం మానకండి. నేను కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను. ఒక రోజుకి ఒక్క లైను, మన వాడుక మాటల్లో. "రూతు 2: అటు తిరిగిపోయాడు." "మార్కు 5: అన్నం పెట్టమన్నాడు." అంతే. పెద్ద పెద్దగా రాస్తే మూడో రోజుకే మానేస్తారు.

యోహాను నాలుగు చదివిన రోజు నేను ఏమీ రాయలేదు. మా ఆయనకి రోజుకి ఇన్ని నీళ్లని లెక్క. స్టీలు గ్లాసుకి గీత గీసి పెట్టాను. ఎండాకాలంలో ఆ గీత వైపు చూస్తూ కూర్చుంటాడు, అడగడు. ఆ రోజు, యేసు అలసిపోయి బావి దగ్గర కూర్చుని సమరయ స్త్రీని "నాకు దాహమునకిమ్ము" అని అడిగాడని చదివాను. నిద్రపోతున్నాడనుకున్న మా ఆయన కళ్లు తెరిచి, "ఆయనకీ దాహమేసిందా?" అన్నాడు. వేసింది అన్నాను. సిలువ మీద కూడా వేసింది, అది పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది అని చెప్పాను. ఇంకేం అనలేదు. కాసేపయ్యాక మళ్లీ చదవమన్నాడు.

పక్క మంచం మీద కవిటి వైపు నుంచి వచ్చే పెద్దావిడ ఉంటుంది. మెళ్లో తులసిపూసలు, మా చదువుతో ఆమెకి సంబంధం లేదు. నేను గొంతు తగ్గించే చదువుతాను. పోయిన గురువారం రూతు మూడో అధ్యాయం అయ్యాక పుస్తకం మూస్తుంటే ఇటు తిరిగి, "ఓలమ్మా, ఆ పరిగె ఏరే గుంటకి మనువైనాదా లేదా?" అంది. అది నాలుగో అధ్యాయం పెద్దమ్మా, సోమవారం చదువుతాను అన్నాను.