తోపుడు బండి కింద ఇటుక: హైదరాబాద్ నుంచి ఎం.డెస్.కు తయారయ్యే పద్ధతి

ఎం.డెస్., అంటే డిజైన్‌లో పీజీ, చేయాలనుకోగానే చాలామంది కోచింగ్ సెంటర్ వెతుక్కుంటారు, ఆ తర్వాత పాత ప్రశ్నపత్రాలు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్. వీధిలో నిలబడి మనుషులు పనిచేసే తీరు చూడటం అన్నిటికన్నా చివర్లో వస్తుంది. నిజానికి మొదలుపెట్టాల్సింది అక్కడే. పరీక్షలో గీసే బొమ్మకైనా, మీరు చేసిన పనులన్నీ కూర్చి చూపే పోర్ట్‌ఫోలియోకైనా, ఇంటర్వ్యూలో చెప్పే మాటకైనా ముడిసరుకు అదే.

ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం సీడ్ అనే ప్రవేశ పరీక్ష స్కోరుతో ఎం.డెస్.లో చేర్చుకుంటుంది. ఐఐటీ బొంబాయిలో 1969లో మొదలైన డిజైన్ స్కూలు ఐడీసీకి వెళ్లే దారి కూడా సీడే. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీకి దాని సొంత పరీక్ష డాట్ రాయాలి. మాదాపూర్‌లోని ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌కు మరో పరీక్ష ఉంటుంది. వస్తువు ఎలా ఉండాలన్నదానికన్నా ఏ వస్తువు చేయాలి, ఎవరికి అమ్మాలి అన్నదాని మీద ఆసక్తి ఎక్కువుంటే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ప్రొడక్ట్ డిజైన్ అండ్ మేనేజ్‌మెంట్ ఎం.టెక్. ఉంది.

సీడ్‌ను ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది. పరీక్ష మామూలుగా జనవరిలో ఒక ఆదివారం ఉంటుంది, కాబట్టి అక్టోబరు రాగానే దరఖాస్తు సంగతి చూసుకోండి. పార్ట్ ఏ గంటసేపు కంప్యూటర్ మీద, పార్ట్ బీ రెండు గంటలు కాగితం మీద. పార్ట్ ఏ గట్టెక్కితేనే పార్ట్ బీ దిద్దుతారు. తుది స్కోరులో మాత్రం పార్ట్ ఏ వాటా 25 శాతమే, మిగతా 75 శాతం పార్ట్ బీది. పార్ట్ ఏలో అంకె రాయాల్సిన ప్రశ్నలకు నెగెటివ్ మార్కులుండవు, వాటిని ఖాళీగా వదలొద్దు. ఘనాకారాలను కోస్తే లోపలి ముఖం ఎలా ఉంటుందో అడిగే ప్రశ్నలు తలలో తేలకపోతే ఒక ఆలుగడ్డను ఘనంలా చెక్కి, చాకుతో ఏటవాలుగా కోసి చూడండి. పది గడ్డలు కోసేసరికి కళ్లు మూసుకున్నా ఆకారం కనిపిస్తుంది. స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఇంకో మాట: సీడ్ స్కోరు వచ్చిందంటే సీటు వచ్చినట్టు కాదు, ప్రతి సంస్థకూ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ సంగతి తెలియక మంచి స్కోరుతో ఇంట్లో కూర్చుండిపోయినవాళ్లు ప్రతి ఏటా ఉంటారు.

బొమ్మలకు హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, ఒక నల్ల పెన్ను, మామూలు ఏ4 కాగితాలు చాలు. రోజూ ఇరవై నిమిషాలు బస్టాపులోనో మెట్రో స్టేషన్‌లోనో కూర్చుని మనుషుల్ని గీయండి, ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలు. సంచి మోస్తున్న భుజం ఎటు వాలింది, కడ్డీ పట్టుకున్న వేళ్లు ఎలా మడిచి ఉన్నాయి అన్నవి పట్టుకుంటే చాలు, ముఖాలు అక్కర్లేదు. వస్తువుల్లో ఎక్కువమంది తప్పేది చక్రం దగ్గర. ఏటవాలుగా చూస్తే చక్రం అండాకారంగా కనిపిస్తుంది. ఆ అండాకారపు పొట్టి అక్షం, ఇరుసు గీత రెండూ ఒకే దిశలో ఉండాలి. అది కుదరకపోతే ఎంత షేడింగ్ చేసినా చక్రం ఊడిపోతున్నట్టే ఉంటుంది.

ఇక పోర్ట్‌ఫోలియో. నాలుగు ప్రాజెక్టులుంటే సరిపోతుంది, కానీ అందులో ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా మీరు నడిచినది కావాలి. ఉదాహరణకు ఒకటి తీసుకుందాం. హైదరాబాద్ అంతా రాతి గుట్టల మీద ఉన్న ఊరు, వాలు లేని వీధి తక్కువ. వాలులో తోపుడు బండి ఆపినవాళ్లు చక్రం కింద ఇటుకో రాయో పెడతారు. వెంటనే "బండికి బ్రేకు పెడదాం" అనిపిస్తుంది. ఆగండి.

మొదటి వారం ఏదీ ప్రతిపాదించొద్దు. మూడు వేర్వేరు వాలుల్లో ఐదుగురు బండివాళ్లను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఇటుక ఎప్పుడు పెడుతున్నారు, చేత్తోనా కాలితోనా, తీశాక ఎక్కడ దాస్తున్నారు, బండి హడావుడిగా కదపాల్సి వస్తే ముందు ఏం చేస్తున్నారు: ఇవన్నీ టైము వేసి రాసుకోండి. గిరాకీ ఉన్నప్పుడు అడ్డం నిలబడొద్దు. ఫొటో తీసేముందు అడగండి. "అన్నా, బ్రేక్ ఉంటే మంచిగుంటదా?" అంటే "మంచిగుంటది" అనే అంటారు, అది మర్యాద, సమాచారం కాదు. "అన్నా, బండి ఎప్పుడన్న జారిందా? అప్పుడేమైంది?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

కొలతలు తీసుకోండి. చక్రం వ్యాసం, నేల నుంచి పిడి ఎత్తు, తూకం వేసేటప్పుడు మనిషి నిలబడే చోటు. వాలు కొలవడానికి ఒక మీటరు పొడవు కర్ర, మేస్త్రీలు వాడే రసమట్టం చాలు. కర్ర ఒక కొన నేలకు ఆనించి, రెండో కొనను రసమట్టం సరిగ్గా చూపేదాకా ఎత్తండి. ఆ కొన కింద ఖాళీ 6 సెంటీమీటర్లుంటే వాలు 6 శాతం.

అప్పుడు తెలుస్తుంది మీ బ్రేకు పోటీ పడాల్సింది ఇటుకతో అని. ఇటుకకు ఖర్చు లేదు, రిపేరు లేదు, పోతే పక్కనే ఇంకోటి దొరుకుతుంది. దాని లోపం ఒక్కటే: పెట్టాలన్నా తీయాలన్నా వంగాలి, ఆ క్షణంలో బండిని పట్టుకునేవాళ్లుండరు. కాబట్టి సమస్యను ఒకే వాక్యంలో రాయండి: ఒంటరిగా ఉన్న బండివాడు వాలులో బండి వదలకుండా, వంగకుండా దాన్ని ఆపగలగాలి, కదపగలగాలి. వంగి బిగించాల్సిన బ్రేకు ఎంత అందంగా ఉన్నా ఈ వాక్యం దగ్గరే రాలిపోతుంది.

తర్వాత గంటలో ముప్పై చిన్న బొమ్మలు వేయండి. మొదటి పది అందరికీ వచ్చేవే, మీవి ఆ తర్వాత మొదలవుతాయి. మూడు ఎంచుకుని కిరాణా కొట్టు అట్టపెట్టెలతో అసలు సైజులో నమూనాలు చేయండి. అట్ట బలాన్ని పరీక్షించదు. చెయ్యి అందుతుందా, కాలు తగులుతుందా, చీర కుచ్చిళ్లు ఇరుక్కుంటాయా అన్నవి మాత్రం చెబుతుంది. వాటిని బండివాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, మీరు వివరించకుండా వాళ్ల చేతికివ్వండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మార్చండి. ఇనుము దాకా వెళ్లేది ఆ తర్వాతే. సామాను రాణీగంజ్‌లో దొరుకుతుంది. యంత్రాల పని ఉంటే రాయదుర్గంలో 2023లో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ఉంది. మొదటి పరీక్ష ఖాళీ బండితో, చదును నేల మీద చేయండి. వాలు మీదికి వెళ్లాక వెనక ఇటుక ఉంచే పరీక్షించండి. ఒక్క చక్రాన్నే పట్టే బ్రేకు అయితే బండి ఆ చక్రం చుట్టూ తిరిగిపోతుంది, అందుకే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ పట్టాలి. టైరుకు రాసుకునే రబ్బరు ముక్క ఎండలో బాగా పనిచేసి వానలో జారుతుంది, కాబట్టి నీళ్లు పోసి కూడా చూడండి.

పోర్ట్‌ఫోలియోలో ఈ ప్రాజెక్టుకు ఐదారు పేజీలివ్వండి. మెరిసే త్రీడీ బొమ్మ ఒక్కటి చాలు. మిగతా చోటు నోటుబుక్కు పేజీలకు, కొలతలకు, వదిలేసిన నమూనాలకు, ఎందుకు వదిలేశారో చెప్పే ఒకటి రెండు వాక్యాలకు. జట్టుగా చేసిన పనైతే మీ భాగం ఏదో స్పష్టంగా రాయండి. ఫొటోలో మనుషుల ముఖాలుంటే వాళ్ల అనుమతి ఉండాలి. బలమైన ప్రాజెక్టు మొదట పెట్టండి, పీడీఎఫ్ ఫోనులో తెరిచి అక్షరాలు చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.

ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది "ఇలా కాకుండా అలా ఎందుకు చేయలేదు?" అనే. మీరు వదిలేసిన ఇరవై ఏడు బొమ్మలు అప్పుడే అక్కరకొస్తాయి. నోటుబుక్కు, విరిగిన అట్ట పిడి రెండూ సంచిలో వేసుకెళ్లండి.