మోడల్ విమానం ఫోర్ స్ట్రోక్ గ్లో ఇంజన్ (వేడెక్కిన ప్లగ్గుతో మిథనాల్ ఇంధనాన్ని మండించేది) స్టార్ట్ చేసే ముందు

• వాల్వ్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఓఎస్ కంపెనీ ఇంజన్లకు 0.04 నుంచి 0.10 మి.మీ.

• ప్రొపెల్లర్ నట్టు మీద లాక్ నట్టు తప్పనిసరి. నీడిల్ (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) మరీ బిగిస్తే ఇంధనం చాలక ఇంజన్ వెనక్కి తంతుంది. అప్పుడు ఒక్క నట్టే ఉంటే ప్రొపెల్లర్ ఊడి ఎగిరొస్తుంది.

• అన్నిటికంటే ముఖ్యం ఇది. ప్లగ్గుకి బ్యాటరీ తగిలించకముందే ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా బండలా అడ్డుకుంటే సిలిండర్‌లో ఇంధనం నిండిందన్నమాట. అప్పుడు స్టార్టర్ పెట్టారో, కనెక్టింగ్ రాడ్ వంగడం ఖాయం! ప్లగ్గు విప్పి, మొహం పక్కకు పెట్టి, తిప్పి ఇంధనం బయటికి పోనివ్వండి. తలకిందులుగా బిగించిన ఇంజన్లతో ఈ బెడద ఎక్కువ.

• మిథనాల్ మంట పగటి ఎండలో దాదాపు కనిపించదు. ఇంధనం డబ్బాకి మూత పెట్టి దూరంగా ఉంచండి.

• విమానాన్ని ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఇంజన్ అందుకున్నాక, మీరు ప్రొపెల్లర్‌కి వెనక వైపుకి వచ్చాకే గ్లో క్లిప్పు (ప్లగ్గుకి బ్యాటరీ కలిపేది) తీయాలి, నీడిల్ ముట్టుకోవాలి. వదులు చొక్కా చేతులు, మెడలో ట్యాగులు వద్దు.

• ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఇంజన్ ఆపాక తుప్పు పట్టకుండా వేసే నూనె) ముందే సర్దుకోండి. చివర్లో ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం కాలిపోయేదాకా నడిపి, బ్రీదర్ గొట్టంలోంచి (క్రాంక్‌కేసు గాలి బయటికి పోయే గొట్టం) ఆ నూనె కొన్ని చుక్కలు వేయకపోతే బేరింగులు తుప్పు పడతాయి.