బతుకమ్మ పూలతో చిన్నపిల్లలకు లెక్కలు

ఒకటి నుంచి యాభై దాకా గడగడా అప్పజెప్పే నాలుగేళ్ల పిల్లను "బిడ్డా, ఆరు బంతిపూలు తే" అని అడిగి చూడండి. గుప్పెడు పట్టుకొస్తుంది. అంకెలు పాటలా నోటికొచ్చాయి తప్ప, ఒక్కో పువ్వుకు ఒక్కో అంకె చెప్పాలని ఆ పిల్లకు ఇంకా తెలియదు. అది పలక మీద రుద్దితే వచ్చేది కాదు, చేతులతో రావాలి. నేను సిద్దిపేట వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. ఎంగిలిపూల అమావాస్య నుంచి కార్తీక పున్నమి దాకా మా సెంటర్‌లో లెక్కలన్నీ పూలతో, ఆకులతో, గింజలతోనే. దసరా సెలవుల్లో ఇంట్లో మీరూ చేయించవచ్చు. పైసా ఖర్చు లేదు.

మొదట లెక్కపెట్టించకండి, ఏరించండి. తంగేడు, గునుగు, బంతి, కట్ల, గుమ్మడిపూలు అన్నీ కలిపి చాప మీద కుప్ప పోయండి. రెండు మూడు పళ్లాలు పక్కన పెట్టి "ఏవేవి ఒక జట్టో వేరు చెయ్యి" అనండి. ఎలా చేయాలో చెప్పవద్దు. ఒకరు రంగు చూసి ఏరుతారు, ఒకరు చిన్నవి పెద్దవి అని ఏరుతారు. వాసన వచ్చేవి, రానివి అని రెండు పళ్లాలు నింపే పిల్లలూ ఉంటారు. అన్నీ సరైనవే. "ఇవన్నీ ఒక పళ్లెంలో ఎందుకు వేశావు?" అని అడగండి, జవాబు వాళ్ల నోటితో రానివ్వండి. మూడేళ్ల వాళ్లకు రెండు రకాల పూలు చాలు. ఐదేళ్ల వాళ్లయితే అదే కుప్పను కలిపేసి "ఇప్పుడు ఇంకోలా ఏరు" అనండి. అసలు మెదడుకు పని అక్కడే.

తర్వాత లెక్క. దీనికి మా సెంటర్‌లో గుడ్లు వచ్చే అట్ట ట్రేలు వాడతాను. ముప్పై గుంటల ట్రేను కత్తిరించి వరసకు ఐదు చొప్పున రెండు వరసల ముక్క చేయండి, పది గుంటలు వస్తాయి. గుంటకు ఒక పువ్వు పెడుతూ పిల్ల అంకె చెప్పాలి. గుంటలు ఉండటం వల్ల ఒకే పువ్వును రెండుసార్లు లెక్కపెట్టడం, ఒకటి వదిలేయడం తగ్గుతాయి. అన్నీ పెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. కొందరు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. అంటే చివర చెప్పిన అంకే మొత్తం అన్న సంగతి వాళ్లకింకా అందలేదన్న మాట. మీరు జవాబు అందించకండి, విసుక్కోకండి. రోజూ ఆడిస్తుంటే అదే వస్తుంది. పై వరస నిండి కింద రెండు ఉంటే ఏడు అని కొన్నాళ్లకు లెక్కపెట్టకుండానే చెప్పేస్తారు. ముందు ముందు కూడికలకు ఇదే ఆసరా.

ఇంకొక సరదా ఉంది. ట్రేలో పూలు తీసి నేల మీద దూరం దూరంగా పరచి "ఇప్పుడు ఎక్కువయ్యాయా?" అని అడగండి. ఐదేళ్ల లోపు చాలామంది "ఔను" అంటారు. వాదించవద్దు. మళ్లీ గుంటల్లో పెట్టించండి, వాళ్లే చూసుకుంటారు.

పువ్వు లోపల కూడా లెక్క ఉంది. తంగేడు, నందివర్ధనం, దేవకాంచనం ఐదు రేకల పూలు. పారిజాతానికి ఐదు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. పొద్దున్నే చెట్టు కింద రాలిన పారిజాతాలు ఏరించి, ఎన్ని రేకలవి ఆ కుప్పలో వేయించండి. మారేడు ఆకుకు మూడు దళాలు. కార్తీకంలో ఎలాగూ తెస్తారు కాబట్టి రెండు ఆకులు పక్కపక్కన పెట్టి ఎన్ని దళాలో అడగండి. దేవకాంచనం ఆకును మధ్యకు మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. వేరే ఆకులు అలా కూర్చుంటాయో లేదో వాళ్లనే మడిచి చూడనివ్వండి.

గునుగు కాడలు పొడవు పొట్టి నేర్పడానికి బాగుంటాయి. ఐదు కాడలను ఐదు పొడవులుగా కత్తిరించి వరసలో పేర్చమనండి. పిల్లలు పువ్వు వైపు సమానంగా పెట్టి, కింద ఎగుడుదిగుడుగా వదిలేస్తారు. గడపకు ఆనించి పేర్చమంటే కింది కొసలు ఒకే చోట ఉండి పొడవు తేడా కంటికి కనిపిస్తుంది.

ఇక బతుకమ్మ. పెద్దవాళ్లు పేర్చేటప్పుడు పిల్లలకు పక్కనే ఒక చిన్న స్టీలు పళ్లెం, రెండు గుమ్మడాకులు ఇవ్వండి. ఒక తంగేడు, ఒక బంతి, మళ్లీ తంగేడు, మళ్లీ బంతి అని మీరు ఒక వరస మొదలుపెట్టి "తర్వాత ఏది?" అని ఆగండి. అది వచ్చాక వరస మధ్యలో ఒక పువ్వు తీసేసి "ఇక్కడ ఏముండేది?" అనండి. ఇది చాలా కష్టం, తొందరపెట్టవద్దు. కింది వరస పూర్తయ్యాక పూలు లెక్కపెట్టి, పై వరసకు ఎన్ని పడతాయో ఊహించమనండి. పైకి పోయేకొద్దీ గుండ్రం చిన్నదవుతుంది, పూలు తగ్గుతాయి. సెంటర్‌లో పెద్ద పిల్లలు రెండో వరస నుంచే "తక్కువే పడతయి టీచర్" అంటారు. వాళ్లు పేర్చింది వంకరగా ఉన్నా మీరు సర్దకండి. అమ్మలు చేసే పెద్ద తప్పు ఇదేనని నా అభిప్రాయం.

తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్లున్నాయి కాబట్టి మొదటిది, రెండోది, మూడోది అనడం పండగే నేర్పుతుంది. గోడ వారగా రోజుకో గులకరాయి పెట్టించండి. ఎంగిలిపూలు మొదటిది, అటుకులు రెండోది, ముద్దపప్పు మూడోది, నానబియ్యం నాలుగోది, అట్లు ఐదోది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు కదా, ఆ రాయిని కొంచెం పక్కకు జరిపి పెట్టించండి. తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు, చివరకు సద్దులు. "సద్దులకు ఇంకా ఎన్ని రాళ్లు పెట్టాలి?" అంటే అది తీసివేతే, ఆ పేరు చెప్పనక్కర్లేదు.

సీతాఫలాలు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి. బట్టల హ్యాంగర్‌కు రెండు వైపులా రెండు సంచులు కట్టి మేకుకు తగిలిస్తే త్రాసు. ఏది బరువో ముందు చేత్తో చూసి చెప్పాలి, తర్వాతే తూచాలి. తినే ముందు ఎన్ని గింజలుంటాయో ఒక్కొక్కరినీ అడిగి గోడ మీద రాయండి. తిన్నాక గింజలు కడిగి పదేసి వరసలుగా పేర్పించండి. పెద్ద పండులోనే ఎక్కువ ఉన్నాయా? నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట ఇది, గోల కూడా దీనికే ఎక్కువ.

ఐదేళ్లు దాటిన వాళ్లతో చింతగింజల సరి బేసి ఆడండి. గుప్పెట్లో గింజలు దాచి "సరా, బేసా?" అనాలి. గుప్పెట తెరిచి రెండేసి జతలు కట్టాలి. ఒకటి ఒంటరిగా మిగిలితే బేసి.

జాగ్రత్తలు మర్చిపోకండి. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు విషం, ఎంత అందంగా ఉన్నా పిల్లల చేతికి ఇవ్వవద్దు. సీతాఫలం గింజ మింగితే బయటికి వచ్చేస్తుంది గానీ కొరికితే మంచిది కాదు, దాని పొడి కళ్లలో పడకూడదు. మూడేళ్ల లోపు వాళ్లకు గింజలు అసలే వద్దు, వాళ్లకు బంతిపూలు చాలు. ఆట అయ్యాక గింజలన్నీ వాళ్లతోనే లెక్కపెట్టించి డబ్బాలో వేయించండి. ఇరవై ఇస్తే పందొమ్మిదే తిరిగొచ్చాయా, ముందు ముక్కులు చూడండి.