మన కారు మన చేతుల్లో – 5వ పాఠం: టైర్ల స్థానాలు మార్చడం

గత పాఠంలో జాకీ వేసి చక్రం విప్పడం, స్టెప్నీ బిగించడం నేర్చుకున్నాం. దాన్ని ఒక్కసారైనా చేసి చూసినవారు ఈ పాఠానికి సిద్ధంగా ఉన్నట్టే. చేయనివారు ముందు ఆ పని పూర్తిచేసి రండి. ఈసారి కారును ఐదుసార్లు లేపాల్సి ఉంటుంది.

స్విఫ్ట్, వ్యాగన్‌ఆర్, ఐ20 వంటి కార్లలో ఇంజను ముందుంటుంది, దాని శక్తీ ముందు చక్రాలకే అందుతుంది. బరువులో పెద్ద వాటా మోసేవి అవే, మలుపు తిరిగేవీ అవే. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆ భారమూ ఎక్కువగా వాటి మీదే పడుతుంది. వెనక టైర్లకు ఇంత శ్రమ ఉండదు. అందుకే ముందువి త్వరగా అరుగుతాయి. స్థానాలు మారుస్తూ పోతే ఆ శ్రమను నాలుగూ పంచుకుంటాయి.

ఎప్పుడు మార్చాలి? మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెకే మొదటి ప్రాధాన్యం. అందులో లేకపోతే 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చండి. చాలా కార్లకు 10,000 దగ్గర సర్వీసు ఉంటుంది, దానితో కలిపి పెట్టుకుంటే మరిచిపోరు. శ్రీశైలం, తిరుమల వంటి ఘాట్ రోడ్ల మీద తరచూ తిరిగే కారుకైతే 10,000 దాకా ఆగడం నాకు నచ్చదు. మలుపు మలుపుకీ ముందు టైర్ల బయటి అంచు ఒరుసుకుంటూనే ఉంటుంది.

ఈ పాఠంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ముందు వెనకల మధ్య తేడా పెరగకముందే మార్చాలి. చాలామంది ముందు టైర్లు నున్నబడ్డాక గుర్తు తెచ్చుకుని, వాటిని వెనక్కి పంపి నిశ్చింతగా ఉంటారు. అది ప్రమాదకరం. వానలో వెనక టైర్లు పట్టు వదిలితే బండి వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. దాన్ని స్టీరింగుతో సరిదిద్దడం అలవాటు లేనివారికి చాలా కష్టం. తేడా కొద్దిగా ఉన్నప్పుడు ఈ బెడద ఉండదు. ముందు టైర్ల గాడి లోతు 3 మిల్లీమీటర్లకు దిగి, వెనకవి ఇంకా నిండుగా ఉంటే స్థానాలు మార్చకండి. అరిగిన రెండింటికీ కొత్తవి కొని, కొత్తవాటిని వెనక వేయించి, వెనకవాటిని ముందుకు తెచ్చుకోండి.

కొలవడానికి టైరు గాడి లోతు చూపే చిన్న గేజీ చాలు, ఆటోమొబైల్ సామాన్ల దుకాణాల్లో చవకగానే దొరుకుతుంది. కొత్త కారు టైరుకు సాధారణంగా 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. 1.6 మిల్లీమీటర్లకు దిగితే మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆ టైరు రోడ్డుకు పనికిరాదు. ఆ హద్దు చూపడానికే గాడుల అడుగున అడ్డంగా చిన్న దిమ్మలు పోసి ఉంటాయి.

ప్రతి టైరునూ మూడు చోట్ల కొలవండి: లోపలి అంచు దగ్గర, మధ్యలో, బయటి అంచు దగ్గర. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నారు. రెండు అంచులూ అరిగి మధ్య నిండుగా ఉంటే గాలి తక్కువతో నడుపుతున్నారు. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలిచే కోణాల అమరిక, అనుమానించాలి. అరచేత్తో అడ్డంగా నిమిరినప్పుడు ఒక వైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు గరుకుగా తగిలినా అనుమానం దాని మీదే. అక్కడక్కడా గుంటలు పడినట్టు అరిగితే షాకబ్జార్బర్లు చూపించండి. ఈ లోపాలు టైర్ల స్థానాలు మార్చినంత మాత్రాన పోవు. అలైన్‌మెంట్ తప్పిన కారులో స్థానాలు మారిస్తే, రెండింటిని తిన్న లోపం నాలుగింటినీ తింటుంది. కొలవకుండానే చకచకా మార్చి పంపే దుకాణాలంటే నాకు కోపం రావడానికి కారణం ఇదే.

ఇక వరుస. ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు టైర్లు అదే పక్కన నేరుగా వెనక్కి వెళ్తాయి, వెనకవి పక్క మారి ముందుకు వస్తాయి. వెనక చక్రాలతో నడిచే బొలెరో, ఇన్నోవా క్రిస్టా వంటివాటిలో దీనికి తిరగవేత: వెనకవి నేరుగా ముందుకు, ముందువి పక్క మారి వెనక్కి. ఇన్నోవా పేరే ఉన్నా హైక్రాస్ మాత్రం ముందు చక్రాల బండి, జాగ్రత్త.

రేడియల్ టైర్లను (ఇప్పటి కార్లకు వచ్చే రకం) పక్క మార్చకూడదని పెద్దవాళ్లు కొందరు చెబుతారు. అవి కొత్తగా వచ్చిన రోజుల సలహా అది, ఇప్పటి టైర్లకు ఆ పట్టింపు లేదు. టైరు పక్క గోడ మీద తిరిగే దిశ చూపే బాణం ఉంటే మాత్రం పక్క మార్చకండి, అదే పక్కన ముందు వెనకలు చేయండి. ముందు వెనక టైర్ల సైజులు వేరైతే ఈ పాఠం మీ కారుకు వర్తించదు.

ఒకే జాకీతో పని ఎలా? స్టెప్నీని తాత్కాలికంగా వాడుకుంటాం. కారును గట్టి, సమతలమైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచండి. ఆటోమేటిక్ అయితే పార్కింగులో పెట్టండి. లేపే చక్రానికి మూలగా ఎదురున్న చక్రానికి రెండు వైపులా రాయో చెక్కో అడ్డం పెట్టండి. నట్లు కొద్దిగా వదులు చేశాకే లేపాలి. జాకీ మీద ఉన్న కారు కింద చెయ్యీ కాలూ పెట్టవద్దు.

ముందు చక్రాల బండికి క్రమం ఇది. ఎడమ ముందు టైరు విప్పి అక్కడ స్టెప్నీ తగిలించండి. విప్పినదాన్ని ఎడమ వెనక బిగించండి. అక్కడ విప్పినది కుడి ముందుకు, కుడి ముందుది కుడి వెనక్కి వెళ్తాయి. చివరికి కుడి వెనక టైరు మీ చేతిలో మిగులుతుంది. మళ్లీ ఎడమ ముందుకు వచ్చి, స్టెప్నీ తీసి, దాన్ని బిగించండి.

స్టెప్నీ కూడా మిగతావాటి సైజు, రకం, రిమ్ముతోనే ఉంటే దాన్నీ వంతులోకి తీసుకోండి. లేకపోతే అది డిక్కీలోనే ముసలిదైపోతుంది. అప్పుడు స్టెప్నీని కుడి వెనక వేసి, అక్కడిది ఎడమ ముందుకు, ఎడమ ముందుది ఎడమ వెనక్కి, ఎడమ వెనకది కుడి ముందుకు పంపండి. కుడి ముందుది డిక్కీలోకి. నాలుగుసార్లు లేపితే చాలు. ఈమధ్య చాలా కార్లలో స్టెప్నీ చిన్న సైజులో వస్తోంది, దాన్ని వంతులో కలపకండి.

నట్లను ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, కారు దించాక ఎదురెదురుగా ఉన్నవి బిగిస్తూ రండి. ఐదు నట్లుంటే నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి. స్పానర్ మీద ఎక్కి తొక్కకండి, మరలు చెడిపోతాయి. మాన్యువల్‌లో చెప్పిన బిగింపును టార్క్ రెంచితో, అంటే ఎంత గట్టిగా బిగించామో చూపే స్పానర్‌తో, సరిచూసుకోవడం ఉత్తమం. 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి.

చాలామంది వదిలేసేది గాలి సంగతి. అనేక కార్లకు ముందు వెనకల పీడనం వేర్వేరు. టైర్లు మారాక డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొత్త స్థానాలకు తగ్గట్టు సరిచేయండి. గాలి తగ్గితే డ్యాష్‌బోర్డుపై హెచ్చరించే కారైతే, ఆ వ్యవస్థను మాన్యువల్ ప్రకారం రీసెట్ చేయండి.

వచ్చే పాఠం అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ గురించి. ఈలోగా ఒక నోటుపుస్తకంలో తేదీ, ఓడోమీటరు అంకె, నాలుగు టైర్లకూ మూడేసి చొప్పున పన్నెండు కొలతలు రాసి పెట్టుకోండి. ఒకే టైరులో లోపలి, బయటి అంచుల మధ్య తేడా కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టండి. వచ్చే పాఠాన్ని ఆ సున్నా చుట్టిన టైరుతోనే మొదలుపెడదాం.