పలుచని స్పిరులినాకు ముందు నీడ కావాలి: నా అనుభవం

హనుమకొండలో మా డాబా మీద 20 లీటర్ల గాజు తొట్టిలో పెంచుతున్న స్పిరులినా (ఆహారంగా వాడే నీలి-ఆకుపచ్చ సూక్ష్మ నాచు), కొత్తగా విత్తన ద్రవం, అంటే బతికున్న నాచు కలిసిన నీరు, పోసిన ప్రతిసారీ మూడు నాలుగు రోజుల్లోనే పసుపుబారి అడుగున పేరుకుపోయేది. నీళ్లు మార్చాను, పోషకాలు పెంచాను, గాలి పంపు మార్చాను; ఏదీ ఫలించలేదు.

లోపం ఎండలో ఉంది. నాచు పలుచగా ఉన్నప్పుడు పోగులు ఒకదానికొకటి నీడనిచ్చుకోలేవు కనుక, నేరుగా పడే తీక్షణమైన వెలుతురు కిరణజన్య సంయోగక్రియనే దెబ్బతీస్తుంది.

ఈసారి ముందుగా నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్‌ను రెండు మడతలుగా తొట్టిపై కప్పాను. ఆ తర్వాత విత్తన ద్రవాన్ని మొత్తంలో ఐదో వంతు పోసి, నాచు వెలుతురుకూ నీడకూ మధ్య నిరంతరం తిరుగుతూ ఉండేలా గాలి గొట్టాన్ని తొట్టి అడుగు దాకా దించాను. రోజూ ఉదయం పుల్లకు అంటించిన తెల్ల బిళ్లను ముంచి, అది కనుమరుగయ్యే లోతును కొలిచాను; ఆ లోతు తగ్గేకొద్దీ నాచు చిక్కబడినట్టు. ఆ లోతు 10 సెంటీమీటర్లకు తగ్గాకే ఒక మడత, 5కు తగ్గాక రెండోది తీశాను. మే నెల కావడంతో, నీరు 40 డిగ్రీలు దాటితే స్పిరులినా సైతం తట్టుకోదని, మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు మాత్రం ఒక మడత మళ్లీ కప్పేవాణ్ణి. తొమ్మిదో రోజుకు లోతు 3 సెంటీమీటర్లకు చేరింది. ఆ ముదురాకుపచ్చను చూసి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నీడనూ బుడగలనూ ఒకేసారి మార్చాను కనుక దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. నాచు పెంచే సన్నని పారదర్శక గొట్టాల పరికరాల్లో (రియాక్టర్లలో) వెలుతురు లోపలి దాకా చేరుతుంది కాబట్టి, అక్కడ ఈ కొలతలు సరిపోకపోవచ్చు.