ఖరీదైన సెంటెడ్ క్యాండిల్: వాసన రావట్లేదా, డబ్బు దండగైందా?

మూత తీసి వాసన చూసి ముచ్చటపడి కొన్నారు. ఇంటికొచ్చి వెలిగిస్తే గదిలో ఏమీ తెలియట్లేదు. "మోసం" అని తిట్టుకునే ముందు కొన్ని చూసుకోవాలి. నేను తిట్టుకున్న వాటిలో సగం తప్పు నాదే.

సమస్య: మూత తీస్తే గుప్పుమంటుంది, వెలిగిస్తే వాసనే లేదు

గదికి వాసన పంచేది మంట కాదు, వత్తి చుట్టూ కరిగిన మైనం. అది ఎంత వెడల్పుగా పరుచుకుంటే అంత వాసన. అరగంటకే ఆర్పేస్తే వత్తి చుట్టూ రూపాయి బిళ్లంత మేరే కరుగుతుంది, ఇక వాసన ఎక్కణ్నుంచి వస్తుంది? గ్లాసు వెడల్పులో ప్రతి 2.5 సెంటీమీటర్లకు ఒక గంట లెక్క వేసుకోండి. 7, 8 సెంటీమీటర్ల గ్లాసుకు మూడు గంటలు పడుతుంది. నాలుగు గంటలు మాత్రం దాటించొద్దు.

ఇంకో సంగతి. నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు త్వరగా ఆవిరవుతాయి, అందుకే మూత తీయగానే అవే ముందు తగులుతాయి. గంధం, వనిల్లా లాంటివి వేడెక్కితే గానీ పూర్తిగా బయటపడవు. కాబట్టి మూత దగ్గర నచ్చిందీ, గదిలో నిండేదీ ఒకటే కానక్కర్లేదు. పెద్ద హాల్లో ఒక్క చిన్న క్యాండిల్ పెట్టి, పైన ఫ్యాన్ వేసి, వాసన రాలేదంటే దాని తప్పేం లేదు.

సమస్య: మొదట వచ్చింది, పావుగంటకి మాయమైంది

వాసన పోలేదు, మీ ముక్కు దానికి అలవాటు పడింది. పదిహేను నిమిషాలు బయట తిరిగి రండి. తలుపు తీయగానే పీల్చే మొదటి శ్వాసనే నమ్మండి. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందంటారు కానీ, మామూలు గాలి చాలు.

సమస్య: మధ్యలో గొయ్యి, చుట్టూ మైనం గోడ

మొదటిసారే తొందరగా ఆర్పేసి ఉంటారు. తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా అదే గొయ్యి లోతవుతూ పోతుంది, గోడకు అంటుకున్న మైనమంతా వృథా. గ్లాసు పైన అల్యూమినియం ఫాయిల్‌ని గొడుగులా కప్పి, మధ్యలో మంటకి గాలి ఆడేంత కంత వదలండి. ముందు గోడ పైఅంచు నిగనిగలాడుతుంది, తర్వాత అద్దంలా పారదర్శకంగా మారి మెల్లగా లోపలికి జారుతుంది. గంటలోపే సర్దుకుంటుంది. ఫాయిల్ వేడెక్కి చెయ్యి కాలుతుంది జాగ్రత్త, దగ్గరే ఉండండి.

ప్రతిసారీ మూడు నాలుగు గంటలు వెలిగించినా అంచు కరగట్లేదంటే గ్లాసు వెడల్పుకి వత్తి సన్నగా పెట్టారన్నమాట. అది తయారీ లోపం, వెనక్కి ఇచ్చేయండి.

సమస్య: మసి, వత్తి కొసన నల్లటి గడ్డ

వత్తి పొడుగైంది. చల్లారాక 5, 6 మిల్లీమీటర్లకు కత్తిరించి, అప్పుడు వెలిగించండి. అంతే.

సమస్య: పైన తెల్లటి మరకలు, గోధుమ రంగు

మరకలు సోయా మైనానికి (సోయా నూనెతో చేసేది) మామూలే. రంగు మారడానికి చాలాసార్లు వనిల్లా వాసననిచ్చే వనిలిన్ కారణం. వాసనకేం నష్టం లేదు.

సమస్య: ఇంత ధరకు తగినదేనా?

"నూటికి నూరు శాతం సహజం" అన్న లేబుల్ చూసి వాసన బాగుంటుందనుకోవద్దు. సుగంధ తైలం సాధారణంగా 6 నుంచి 10 శాతం దాకా కలుపుతారు. మరీ ఎక్కువ పోస్తే వత్తి మూసుకుపోయి మంటే నీరసిస్తుంది. ధరలో గ్లాసుకీ, పెట్టెకీ, పేరుకీ ఎంత పోతుందో మనకి తెలియదు. తూచగలిగేది మాత్రం ఒకటుంది.

వంటింటి కాటా మీద క్యాండిల్‌ని గ్లాసుతో సహా తూచండి. మూడు గంటలు వెలిగించి, చల్లారాక మళ్లీ తూచండి. తేడాని మూడుతో భాగిస్తే గంటకెంత కాలిందో వస్తుంది. డబ్బా మీది మైనం బరువుని దాంతో భాగిస్తే మొత్తం ఎన్ని గంటలొస్తుందో తేలుతుంది. డిప్టిక్ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్ల 190 గ్రాముల క్యాండిల్ సుమారు 60 గంటలు వస్తుందంటారు, అంటే గంటకు 3 గ్రాముల పైచిలుకు. ధరని డబ్బా మీద రాసిన గంటలతో కాకుండా మీకు తేలిన గంటలతో భాగించండి. అడుగున సెంటీమీటరు మైనం మిగలగానే ఆపేయాలి కాబట్టి అదీ లెక్కలోంచి తీసేయండి.

వాసనకి నా పరీక్ష ఒకటే. రాత్రి ఆర్పి తలుపు మూసేస్తాను. పొద్దున తీసినప్పుడు గది హాయిగా అనిపించాలి. తీపి వెగటో, ప్లాస్టిక్ కంపో మిగిలితే ఎంత పేరున్నదైనా మళ్లీ కొనను.

ఒకసారి 200 గ్రాముల క్యాండిల్ మూడు గంటల్లో 17 గ్రాములు తినేసింది. డబ్బా మీదేమో 50 గంటలు. లెక్క వేస్తే 35 దాటట్లేదు. కోపంగా కంపెనీకి రాస్తే, గాలి తగులుతోందేమో చూడండన్నారు. సాకనుకున్నాను. కిటికీ మూసి, వత్తి కత్తిరించి మళ్లీ తూచాను. మూడు గంటలకు 12 గ్రాములు. వాళ్ల 50 గంటల మాట దాదాపు నిజమే.