ఉప్పునీటి తొట్టెలో మొండి పచ్చనాచు: ఎలా వదిలిందంటే (నా అనుభవం)

భీమవరంలో పగడాలు పెంచే 200 లీటర్ల అక్వేరియం తొట్టె. రాళ్ల మీద జుట్టులా పచ్చనాచు, పీకిన వారానికే మళ్లీ. నాచుకి ఎరువైన ఫాస్ఫేట్ టెస్ట్ మాత్రం సున్నా. ఆ సున్నాని నమ్మొద్దు: నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టే నాచు పీల్చేస్తోంది.

లోపం ఆవిరైన నీటికి బదులు రోజూ పోసే ఆర్వో నీళ్లలో దొరికింది. మీటరులో టీడీఎస్ (నీళ్లలో కరిగినవాటి మొత్తం) 45 పీపీఎం. ఎండాకాలం నీరు ఆవిరవుతుంది గానీ అందులోని ఫాస్ఫేట్, సిలికేట్ తొట్టెలోనే పోగుపడతాయి. మెంబ్రేన్ మార్చి, చివర డీఐ రెసిన్ (మిగిలిన లవణాలు పట్టేసే గుళికలు) తగిలిస్తే సున్నాకి దిగింది. తాగేనీటి ఆర్వో అయితే మినరల్ క్యాట్రిడ్జ్‌కి ముందే నీళ్లు పట్టుకోవాలి. అంతర్వేది నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకుందామనిపిస్తుంది, వద్దు. గోదావరి కలిసేచోట ఉప్పు నిలకడగా ఉండదు.

రాళ్లు తొట్టెలోనే రుద్దితే తునకలు చెదిరి అంటుకుంటాయి. తొట్టె నీళ్లు పట్టిన బకెట్లో టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆ నీళ్లు పారబోయాలి. వారానికి 20 లీటర్లు మార్చాను. దానికి ఉప్పు సుమారు 750 గ్రాములు, 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు). ఉప్పు కొలవడానికి రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరే చాలు. లైటు రోజుకి 10 గంటలు వెలిగేది, 6 గంటలకి తగ్గించాను.

జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్ పీల్చే ఇనుప గుళికలు) 50 గ్రాములతోనే మొదలుపెట్టాలి. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు పాలిపోతాయి, పచ్చనాచు పోయి గోధుమరంగు జిగురులా డైనోలు (డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవులు) దిగుతాయి, అవి ఇంకా మొండివి. ఫాస్ఫేట్ 0.03–0.08, నైట్రేట్ 5–10 పీపీఎం దగ్గర ఆపాలి. ఆరు వారాలకి రాళ్లు తేటపడ్డాయి. నాచు తినే టర్బో నత్తలు పొడుగు నాచుని సరిగ్గా తినవు, రుద్దాకే వదలాలి.